ఐదో శీలానికి ఒక తోడు: తాగుడు మానేవారికి కల్యాణమిత్రుడు





బుద్ధ వందన దగ్గర మనం త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకుంటాం. మొదటి నాలుగు శీలాలు అందరి గొంతులోనూ గట్టిగా వినిపిస్తాయి. ఐదోది వచ్చేసరికి కొందరి గొంతు సన్నగిల్లుతుంది. కొందరైతే ఆ శీలం చెప్పాల్సి వస్తుందని వందనకే రావడం మానేస్తారు. వాళ్లెవరో మనకు తెలియని వాళ్లు కాదు. దీక్ష తీసుకున్నవాళ్లే. ఇంట్లో బాబాసాహెబ్ ఫోటో, బుద్ధుడి బొమ్మ పెట్టుకున్నవాళ్లే. ఏప్రిల్ 14న అందరికంటే ముందు జెండా పట్టుకునేవాళ్లే. పొద్దు గూకేసరికి మాత్రం వాళ్ల కాళ్లు మందు దుకాణం వైపు లాగుతాయి.

ఈ పాఠం వాళ్లను తిట్టడానికి రాసింది కాదు. తిట్లు వాళ్లు ఇంట్లోనూ బయటా చాలానే తిన్నారు. వాళ్ల పక్కన ఎవరు నిలబడాలి, ఎలా నిలబడాలి అన్నది మనం నేర్చుకోడానికి రాసింది. శీలం ఎవరి నోటితో వాళ్లే తీసుకుంటారు. కానీ తాగుడు పట్టుకున్న మనిషి ఆ శీలాన్ని నిలబెట్టుకోవాలంటే పక్కన ఇంకొక మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి గురించే ఈ పాఠం.

1. ఐదో శీలం ఏం చెబుతోంది?

ఐదో శీలంలో రెండు మాటలు బాగా అర్థం చేసుకోవాలి. ఒకటి ‘పమాదం’. అంటే ఏమరుపాటు, ఒళ్లు తెలియకపోవడం. మత్తు ఏమరుపాటుకు చోటిస్తుంది కనుక దానికి దూరంగా ఉంటాను అని మనం చెప్పుకుంటున్నాం. తాగినవాడు పాపి అని గాని, నరకానికి పోతాడని గాని ఆ శీలం చెప్పడం లేదు. మెలకువ పోతే మిగతా నాలుగు శీలాలు కూడా జారిపోతాయని హెచ్చరిస్తోంది. తాగిన మనిషి కొడతాడు, ఇంట్లో డబ్బు తీస్తాడు, అబద్ధం ఆడతాడు. మామూలుగా అయితే అతనే ఆ పనులు చెయ్యడు.

రెండోది ‘సిక్ఖాపదం’, అంటే శిక్షాపదం. మన వాడుకలో శిక్ష అంటే దండన. ధమ్మంలో శిక్ష అంటే నేర్చుకోవడం, సాధన. నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు, మళ్లీ చేస్తాడు, నేర్పేవాడు పక్కనుంటే నిలదొక్కుకుంటాడు. ఈత నేర్పేటప్పుడు ఒడ్డు మీద నిలబడి బెత్తం చూపిస్తే ఎవరికీ ఈత రాదు. నీళ్లలోకి దిగి నడుం కింద చెయ్యి వేసేవాడు కావాలి.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ లక్షలాది మందికి ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు ముట్టను అన్నది కూడా ఉంది. ఆ ప్రతిజ్ఞ వెనక మన బతుకుల చరిత్ర ఉంది. చావు దగ్గర డప్పు కొట్టిన చేతికి, మురుగు కాలువ తీసిన చేతికి, పశువు కళేబరం ఎత్తిన చేతికి కూలితో పాటు సారా పోసిన సంగతి మన వాడల్లో పెద్దవాళ్లకు తెలుసు. తెలివిలో ఉన్న మనిషి ఆ పని చెయ్యలేడని పోయించినవాళ్లకూ తెలుసు. కాబట్టి మనకు తాగుడు మానడం ఒంటి ఆరోగ్యం కోసమే కాదు. ఆ పాత కూలి లెక్కలో నుంచి బయటికి రావడం కూడా.

2. సాగతుడి కథ

వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. మన సభల్లో దీన్ని తక్కువగా చెబుతారు. సాగతుడనే భిక్షువు ఒక భయంకరమైన నాగుణ్ణి లొంగదీశాడు. ఆ పేరు కోశాంబి దాకా పాకింది. అక్కడి జనం సంతోషపడి, భిక్షువులకు ఏం దానం ఇస్తే బాగుంటుందని అడిగారు. నియమం సరిగా పాటించని కొందరు భిక్షువులు ఫలానా మద్యం ఇవ్వండి అని సలహా చెప్పారు. సాగతుడు భిక్షకు బయల్దేరితే ప్రతి ఇంటి దగ్గరా, కొద్దిగా పుచ్చుకోండి అని గౌరవంగా పోశారు. ప్రతి ఇంటి దగ్గరా తాగాడు. ఊరు దాటేలోపు నగర ద్వారం దగ్గర పడిపోయాడు.

బుద్ధుడు భిక్షువులతో అటే వస్తూ అతన్ని చూశాడు. ముందు అతన్ని ఎత్తి విహారానికి తీసుకురమ్మన్నాడు. భిక్షువులు మోసుకెళ్లి, తల బుద్ధుడి వైపు ఉండేలా పడుకోబెట్టారు. మత్తులో అతను దొర్లి కాళ్లు బుద్ధుడి వైపు పెట్టాడు. అప్పుడు బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు: ఇంతకు ముందు ఇతనికి నా పట్ల గౌరవం ఉండేదా, ఇప్పుడుందా? నాగుణ్ణి జయించిన ఈ మనిషి ఇప్పుడు చిన్న నీటి ప్రాణినైనా జయించగలడా? లేడని వాళ్లు ఒప్పుకున్నాక, భిక్షువులు మద్యం తాగరాదని నియమం పెట్టాడు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి.

ఒకటి, తాగించినవాళ్లు శత్రువులు కారు. గౌరవంతో, ప్రేమతో పోశారు. మన పెళ్లిళ్లలో, సంబరాల్లో, చావు పదోరోజున జరిగేది ఇదే. “ఒక్క గ్లాసే కదేటి బావా” అనేవాడు మన సొంత మనిషే.

రెండు, బలవంతుడు కూడా పడిపోతాడు. నాగుణ్ణి గెలిచినవాడు మత్తు ముందు ఓడిపోయాడు. “మనసు గట్టిగా ఉంటే చాలు” అనేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

మూడు, బుద్ధుడు నియమం చెప్పడానికి ముందు మనిషిని లేపించాడు. వెలివేయలేదు. ఈ సాగతుణ్ణే అంగుత్తర నికాయంలో తేజో ధాతువు సాధనలో అగ్రగణ్యుడిగా చెప్పారు. పడిపోయిన రోజుతోనే అతని కథ ముగిసిపోలేదు.

మరి మన ఊళ్లో సాగతుడు పడిపోతే ఎత్తేవాళ్లు ఎవరు? అక్కడికే వస్తున్నాం.

3. స్పాన్సర్ అంటే ఎవరు?

తాగుడు మానినవాళ్ల సంఘం ఒకటి ప్రపంచమంతా ఉంది. పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏఏ అంటారు. మొదలైన తీరు మనం తెలుసుకోదగ్గది.

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే అమెరికన్ వ్యాపారి పని మీద ఓహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వచ్చాడు. తాగుడు మాని అప్పటికి ఐదారు నెలలు. వచ్చిన పని చెడిపోయింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. పక్కనే బారు, అందులో నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ క్షణంలో అతనికి తెలిసొచ్చింది: తను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి. బారులోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి ఆ ఊరి చర్చీల వాళ్లకు వరసగా ఫోన్లు చేశాడు. చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. అతనూ తాగుడుతో మునిగిపోతున్న మనిషే. పావుగంట చాలనుకుని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఎందుకంటే ఎదుటివాడు ఉపన్యాసం ఇవ్వలేదు, తన కథ చెప్పుకున్నాడు. డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పే 1935 జూన్ 10నే ఆ సంఘం పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశానికి 1957లో ఢిల్లీలో మొదలై వచ్చింది. విశాఖపట్నం, హైదరాబాదు లాంటి నగరాల్లో దాని సమావేశాలు జరుగుతున్నాయి.

అందులో కొత్తగా వచ్చినవాడికి పాతవాడొకడు తోడుంటాడు. ఆ తోడునే స్పాన్సర్ అంటారు. మన భాషలో స్పాన్సర్ అంటే డబ్బు పెట్టేవాడు, టోర్నమెంటుకి కప్పు ఇచ్చేవాడు. ఇక్కడ ఆ అర్థం కాదు. ఇక్కడ స్పాన్సర్ అంటే:

– ఒకప్పుడు తనూ తాగినవాడు, ఇప్పుడు మానేసి కొంతకాలంగా నిలబడినవాడు.
– డబ్బు తీసుకోడు, డబ్బు ఇవ్వడు.
– డాక్టరు కాడు, పోలీసు కాడు, గురువు కాడు.
– తాగాలనిపించినప్పుడు ఫోన్ చెయ్యదగ్గవాడు.
– తను నడిచిన దారి చూపిస్తాడు, మనల్ని మోసుకెళ్లడు.
– విన్నది బయట చెప్పడు.

ఇంకో సంగతి. ఏక్రన్‌లో ఎవరు ఎవరికి సాయం చేశారు? డాక్టరు నిలబడ్డాడు, సరే. కానీ ఆ రోజు ఫోన్ చెయ్యకపోతే బిల్ పడిపోయేవాడే. సాయపడేవాడికి కూడా ఆ సాయం మందులా పనిచేస్తుంది. మన సంఘంలో తాగుడు మానినవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మీరు మానేసి ఇంట్లో కూర్చుంటే సగం పనే అయింది.

4. మరి దేవుడి మాట సంగతేమిటి?

మనవాళ్లు సరిగ్గానే అడుగుతారు. ఏఏ వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. దేవుణ్ణి నమ్మనని ప్రతిజ్ఞ చేసిన మనం అక్కడికి ఎలా వెళ్తాం?

మొదట, ప్రాణం మీదికి వచ్చిన మనిషికి దగ్గర్లో ఏ తోడు దొరికితే ఆ తోడు తీసుకోమనే చెప్పాలి. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చని ఏఏ వాళ్లే చెబుతారు. నాస్తికులు కూడా అక్కడ ఉన్నారు. వాళ్లు ఆ చోట సంఘాన్నే బలంగా తీసుకుంటారు. ‘సంఘం శరణం’ అనే మనకు ఇది కొత్త కాదు. రెండోది, బౌద్ధ మార్గం మీదనే నడిచే మద్య విముక్తి బృందాలు కూడా పుట్టాయి. 2019లో అమెరికాలో మొదలైన రికవరీ ధర్మ అలాంటిదే. చతురార్య సత్యాలు, అష్టాంగ మార్గం ఆధారంగా నడుస్తుంది. వాళ్ల సమావేశాలు ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి.

మూడోది, అసలైనది. ఈ తోడుకి మన ధమ్మంలో రెండున్నర వేల ఏళ్లుగా ఒక పేరుంది. కల్యాణమిత్రుడు.

5. కల్యాణమిత్రుడు

ఒకసారి ఆనందుడు బుద్ధుడితో, మంచి స్నేహితులు ఉండడం ఈ మార్గంలో సగం పని అన్నాడు. బుద్ధుడు అలా అనొద్దన్నాడు. సగం కాదు, మొత్తం అదేనన్నాడు. కల్యాణమిత్రుడు ఉన్నవాడే అష్టాంగ మార్గాన్ని పెంచుకుంటాడని వివరించాడు.

“మరి నీకు నువ్వే దీపం కావాలని కూడా బుద్ధుడే చెప్పాడు కదా” అని కొందరు అడుగుతారు. దీనికి మేఘియుడి సంగతి చూడండి. మేఘియుడు బుద్ధుడికి సేవ చేస్తున్న కాలంలో ఏటి ఒడ్డున మంచి మామిడి తోట చూశాడు. అక్కడ ఒంటరిగా సాధన చేస్తానన్నాడు. ఇంకో భిక్షువు వచ్చేదాకా ఆగమన్నాడు బుద్ధుడు. వినలేదు. మూడుసార్లు అడిగి వెళ్లాడు. చెట్టు కింద కూర్చోగానే కోరిక, ద్వేషం, హింస ఆలోచనలు చుట్టుముట్టాయి. ఆశ్చర్యపోయి వెనక్కి వచ్చాడు. మనసు ఇంకా పండనివాడికి పండడానికి ఐదు విషయాలు కావాలని బుద్ధుడు చెప్పాడు. వాటిలో మొదటిది కల్యాణమిత్రుడు. శీలం రెండోది. ఈ వరస గమనించండి. దీపం నీదే. వెలిగేదాకా గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు ఒకడుండాలి.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు తాగుడు వల్ల ఆరు నష్టాలు చెప్పాడు: డబ్బు పోవడం, తగవులు పెరగడం, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు పోవడం, బుద్ధి మందగించడం. అక్కడే తాగేటప్పుడు మాత్రమే స్నేహితుడైన ‘పానసఖుడి’ గురించి హెచ్చరించాడు. తర్వాత ఉపకారం చేసే మిత్రుడికి నాలుగు గుర్తులు చెప్పాడు. వాటిని మన నరసన్నపేట లెక్కలో చెప్పుకుందాం.

ఏమరుపాటులో ఉన్నప్పుడు కాపాడతాడు. తమ్ముడికి తాగాలనిపించే వేళ ఏదో అతనికి తెలుసు. ఆ వేళకు పక్కన ఉంటాడు.

ఏమరుపాటులో ఉన్నప్పుడు ఆస్తి కాపాడతాడు. కూలి డబ్బు వచ్చిన రోజు, చెన్నై నుంచో హైదరాబాదు నుంచో వలస పని చేసి బస్సు దిగిన రోజు, పంట డబ్బు చేతికొచ్చిన రోజు చాలా ప్రమాదం. ఆ రోజు ఇంటిదాకా కూడా నడుస్తాడు. డబ్బు తన చేతిలోకి తీసుకోడు, ఇల్లాలి చేతికి చేరేదాకా తోడుంటాడు.

భయపడినప్పుడు ఆశ్రయమవుతాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే ఎత్తుతాడు.

అవసరం పడినప్పుడు అడిగినదానికి రెట్టింపు చేస్తాడు. మనం ఈ రెట్టింపును డబ్బుగా కాకుండా కాలంగా తీసుకుందాం. పావుగంట అడిగితే అరగంట కూర్చుంటాడు.

వీటికి తోడు, సుఖదుఃఖాల్లో సమానంగా ఉండే మిత్రుడు తన రహస్యం చెబుతాడనీ, ఎదుటివాడి రహస్యం దాస్తాడనీ, ఆపదలో వదిలిపోడనీ కూడా అదే సుత్తంలో ఉంది. స్పాన్సర్ పని ఏమిటో ఇంతకంటే ఏం చెప్పాలి?

6. మాల వేసుకున్న 41 రోజులు

మన చుట్టాల్లో, ఇరుగుపొరుగులో మాల వేసుకునేవాళ్లను చూస్తున్నాం. ఏళ్ల తరబడి తాగినవాడు కూడా 41 రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన రోజు సాయంత్రం మళ్లీ మొదలుపెడతాడు. దీన్ని చూసి నవ్వుకోవడం సులువు. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది.

ఆ 41 రోజులు అతన్ని ఆపిందేమిటి? పొద్దున్నే ఒకే వేళకు లేవడం, పదిమందితో కలిసి తినడం, ఊరంతా “స్వామీ” అని గౌరవంగా పిలవడం, దారి చూపే గురుస్వామి ఒకాయన ఉండడం. అంటే రోజుకో పద్ధతి, చుట్టూ మనుషులు, తెలిసిన పెద్ద తోడు. 42వ రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మనిషి మళ్లీ ఒంటరి. అదే పాత వీధి, అదే పాత స్నేహాలు.

అంటే తాగుడు మానే శక్తి అతనిలో ఉంది. అది 41 రోజులకు ఆగకుండా నడిచే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు మనం దేవుడి భయం లేకుండా, ధమ్మం మీద చెయ్యగలం. చెయ్యాలి.

7. ముందు డాక్టరు, తర్వాత మనం

ఇది చాలా ముఖ్యం. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, మనుషుల్ని పోల్చుకోలేరు. అది గాలి సోకడం కాదు, దెయ్యం కాదు. మెదడుకి మత్తు అందక వచ్చే జబ్బు. ఆసుపత్రిలో మందులు, బి1 విటమిన్ ఇచ్చి కాపాడతారు. ఇంట్లో గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మనిషి పోవచ్చు.

కాబట్టి కల్యాణమిత్రుడి మొదటి పని బోధ కాదు, ఆసుపత్రికి తోడు వెళ్లడం. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవాలి. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫిట్స్ వచ్చినా, మనిషి తెలివి తప్పినా 108కి ఫోన్ చెయ్యాలి. మత్తు విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.

ఇంకో హెచ్చరిక. మనిషికి చెప్పకుండా కూరలోనో టీలోనో మాత్ర కలిపి మాన్పించే పద్ధతి ఊళ్లలో ఉంది. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతుంది. ప్రాణమూ పోవచ్చు. ఆ మాత్ర డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సింది. దొంగతనంగా చేసిన మంచి మంచి కాదు. అతనికి మన మీద నమ్మకం కూడా పోతుంది.

మన దేశంలో సాయం ఎంత తక్కువగా అందుతోందో చూడండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు 5 కోట్ల 70 లక్షల మంది. తాగుడుకు పూర్తిగా బానిసలైన వాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు. మిగతా 37 మంది ఎక్కడో కాదు, మన వీధుల్లోనే ఉన్నారు.

8. కల్యాణమిత్రుడి పని: ఒక సాయంత్రం

ఒక సాయంత్రం అనుకుందాం. మానేసి ఇరవై రోజులైన తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నా, కాళ్లు అటే లాగుతున్నాయి.”

“ఎక్కడున్నావు?”

“బస్టాండు దగ్గర.”

“బువ్వ తిన్నావేటి?”

“లేదన్నా. పొద్దున్నుంచీ ఏటీ తినలేదు.”

“అక్కడే ఉండు. వస్తన్నాను. ముందు ఏదైనా తిందాం.”

ఇందులో బోధ లేదు. “ప్రతిజ్ఞ మరిచిపోయావా” అని దెప్పలేదు. ముందు ఆకలి చూశాడు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగూ తాగాలనే కోరికను పెంచుతాయని మానినవాళ్లందరికీ అనుభవం. కోరిక అల లాంటిది. సాధారణంగా అరగంటలో తగ్గుతుంది. వేదన పుడుతుంది, ఉంటుంది, పోతుంది అని మనం విపస్సనలో చెప్పుకునేది ఇదే. కానీ ఆ అరగంట కూర్చోడానికి ఒక బల్ల, రెండు టీలు, ఒక మనిషి కావాలి.

కల్యాణమిత్రుడు చెయ్యవలసినవి:

(1) మొదటి మూడు నెలలు రోజూ ఒకసారి పలకరించాలి. ఫోన్ అయినా చాలు.
(2) “జీవితాంతం” అనే మాట ఎత్తకూడదు. “ఈ రోజు” అనాలి.
(3) తన కథ దాచకుండా చెప్పాలి. పెద్దరికం చూపించకూడదు.
(4) పాత స్నేహాలు పోయిన చోట కొత్త పని పెట్టాలి. వందనకు చాపలు పరచడం, పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం, గ్రంథాలయం తాళం చూసుకోవడం ఏదైనా సరే.
(5) మగవాడికి మగవాడు, ఆడమనిషికి ఆడమనిషి తోడుండాలి. ఆడవాళ్లలో తాగుడు లేదనుకోవడం తప్పు. వాళ్లు ఇంకా లోపలికి దాచుకుంటారు, అంతే.

చెయ్యకూడనివి:

(1) అప్పు ఇవ్వకూడదు, అప్పు తీసుకోకూడదు.
(2) అతని బదులు అబద్ధం ఆడకూడదు. మేస్త్రీకి “జ్వరమొచ్చింది” అని చెప్పడం సాయం కాదు.
(3) తాగిన మత్తులో ఉన్నప్పుడు వాదించకూడదు. క్షేమంగా ఉన్నాడో లేదో చూసి, తెల్లారాక మాట్లాడాలి.
(4) విన్నది సంఘంలో, టీ కొట్టు దగ్గర, సొంత ఇంట్లో కూడా చెప్పకూడదు.
(5) భార్యనో పిల్లల్నో కొడుతుంటే దాన్ని దాచకూడదు. రహస్యం అనేది హింసకు వర్తించదు. 181కి, 112కి ఫోన్ చెయ్యడానికి ఇల్లాలికి తోడుండాలి.
(6) తను కూడా జారుతున్నాననిపిస్తే ఒక్కడే మొయ్యకూడదు. కల్యాణమిత్రుడికి కూడా ఇంకొక కల్యాణమిత్రుడు ఉండాలి.

9. మళ్లీ తాగితే?

చాలామంది ఒక్కసారిలో మానలేరు. ఆరు నెలలు నిలబడి ఒక పెళ్లిలో పడిపోతారు. అప్పుడు మనవాళ్లు “నాకు ముందే తెలుసు” అంటారు. ఈ మాట అన్న నోటికి అదేమీ బరువు కాదు, విన్నవాడు మాత్రం మళ్లీ సీసా దగ్గరికే పోతాడు.

భిక్షు సంఘంలో ఒక మంచి పద్ధతి ఉంది. పౌర్ణమికి, అమావాస్యకు ఉపోసథం జరిగేది. దానికి ముందు, తప్పు జరిగిన భిక్షువు తోటి భిక్షువు దగ్గరికి వెళ్లి ఇది జరిగింది అని చెప్పుకునేవాడు. అతను విని, ఇక ముందు జాగ్రత్తగా ఉండమనేవాడు. చిన్న తప్పులకు పని అంతటితో సరి. జనం ముందు నిలబెట్టడం లేదు, జరిమానా లేదు. తప్పు చెప్పుకోడానికి ఒక చెవి ఉంది.

మన దగ్గర పడిపోయిన మనిషి ఆ చెవి లేక వందన మానేస్తాడు, తర్వాత సంఘమే మానేస్తాడు. మళ్లీ తాగినవాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి, చాలు. ఏ రోజు? ఎవరితో? దానికి ముందు ఏం జరిగింది? ఇవి కారణం వెతికే ప్రశ్నలు. దుఃఖానికి కారణం ఉందనీ, కారణం పోతే దుఃఖం పోతుందనీ చెప్పే ధమ్మం మనది. ఆ తెల్లారే పంచశీలాలు మళ్లీ చెప్పుకోనివ్వండి. శీలం ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. అందుకే ప్రతి వందనకూ మళ్లీ చెప్పుకుంటున్నాం.

10. ఇంటి ఇల్లాలి మీద వెయ్యకండి

“నువ్వు గట్టిగా ఉంటే వాడు మానేవాడు” అని ఇల్లాలిని అనేవాళ్లున్నారు. ఇది అన్యాయం. భార్య స్పాన్సర్ కాలేదు, కాకూడదు. ఆమె దెబ్బ తిన్న మనిషి. అప్పు ఆమె తీర్చింది, పిల్లల్ని ఆమె చదివించింది. ఆమెకు ఇంకొక అక్క తోడు కావాలి.

తాగుడు మీద మన తెలుగు నేలలో అతి పెద్ద పోరాటం చేసింది ఆడవాళ్లే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పేద ఆడవాళ్లు, ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల వాళ్లు, 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇప్పుడు, 2024 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త విధానంలో 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది.

ఇందులో ఒక సంగతి ఉంది. దుకాణం మూయించడం రాజకీయ పోరాటం. అది చెయ్యాల్సిందే, బెల్టు షాపుల మీద అడగాల్సిందే. కానీ దుకాణం ప్రభుత్వాలు మారితే మళ్లీ తెరుచుకుంటుంది. మనిషి పక్కన కట్టిన తోడు ఏ జీవోతోనూ పోదు. రెండు పనులూ మనవే.

11. మన సంఘం ఏం చెయ్యాలి?

వంశధార ఒడ్డున శాలిహుండం కొండకు మనం యాత్రగా వెళ్తాం. స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు చూస్తాం. అక్కడ ఉన్నవాళ్లు ఎవరికి వారుగా కాక సంఘంగా బతికారు. ఆ ఇటుకలకు నమస్కారం పెట్టి వచ్చి, పక్క వీధిలో తమ్ముణ్ణి ఒంటరిగా వదిలేస్తే ఆ యాత్రకు అర్థం లేదు. ప్రతి ఊరి సంఘం ఈ ఐదు పనులు మొదలుపెట్టవచ్చు.

ఒకటి, తాగుడు మాని కనీసం ఏడాది నిలబడినవాళ్లను ఇద్దరినో ముగ్గురినో గుర్తించి, కల్యాణమిత్రులుగా ఉండగలరా అని విడిగా అడగండి. స్టేజీ మీద ప్రకటించకండి.

రెండు, వారానికొక సాయంత్రం తాగుడు మానేవాళ్ల కోసమే ఒక గంట పెట్టండి. పేర్లు రాసే పుస్తకం వద్దు, ఫోటోలు వద్దు, వాట్సాప్‌లో పెట్టడం వద్దు. ఐదు నిమిషాలు ఆనాపాన, తర్వాత ఒక్కొక్కరి మాట, చివర టీ.

మూడు, అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో, మన పెళ్లిళ్లలో, చావు కార్యాల్లో మందు పొయ్యమని సంఘం తీర్మానం చెయ్యండి. కొత్తగా మానినవాడికి ఇది ఊపిరి.

నాలుగు, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషిని, దారి ఖర్చుని ముందే అనుకుని ఉంచుకోండి.

ఐదు, ఇంటి ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా ఒక కూడిక పెట్టండి.

వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. నరసన్నపేట మండలంలో ఒక్క వాడలో ఒక్క జత నిలబడినా చాలు, మొదలైనట్టే. ఆ జతలో కోలుకున్నవాడు రెండేళ్లకు ఇంకొకడి పక్కన నిలబడతాడు.

చర్చకు ప్రశ్నలు

(1) మన వాడలో వందనకు రావడం మానేసినవాళ్లు ఎంతమంది? వాళ్ల ఇంటికి ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు వెళ్లారు?

(2) సాగతుడికి మద్యం పోసిన జనం స్థానంలో మనం ఎప్పుడెప్పుడు ఉన్నాం?

(3) “మనసు గట్టిగా ఉంటే చాలు” అన్న మాటకు మేఘియుడి సంగతితో ఎలా జవాబు చెబుతారు?

(4) రహస్యం దాచడానికీ, హింసను దాచడానికీ తేడా ఏమిటి?

(5) మనలో తాగుడు మానినవాళ్లు ఎవరి పక్కన నిలబడగలరు? ఈ వారమే ఎవరికి ఫోన్ చేస్తారు?

సాధన: ఈ పాఠం చదివినవాళ్లు వచ్చే వందన లోపల ఒక ఇంటికి వెళ్లండి. సలహా చెప్పకండి. “ఎలా ఉన్నావు తమ్ముడూ” అని అడిగి, అతను చెప్పేది వినండి. తాగుడు గురించి అతనే ఎత్తితే, 14446 నంబరు ఇచ్చి, “ఆసుపత్రికి నేను కూడా వస్తాను” అనండి.

సబ్బే సత్తా సుఖితా హోంతు.

జై భీమ్! నమో బుద్ధాయ!